కరోనెట్ హాల్లో ఏడో మనిషి

పెర్త్‌లో రాత్రుళ్ళు సెక్యూరిటీ పని చేసుకునే మన స్టూడెంట్లని ఎవరినైనా అడిగి చూడండి. షాపింగ్ సెంటర్ అంటే వెళ్తారు. ఊరి చివర ట్రక్కుల యార్డు అన్నా వెళ్తారు. కరోనెట్ హాల్ అనండి— "ఆ రోజు అసైన్‌మెంట్ ఉందన్నా" అని తప్పుకుంటారు.

ఊరికి తూర్పు పక్క, రైలుపట్టాలకి ఆనుకుని ఉంటుందా హాలు. ఎర్ర ఇటుక గోడలు, తుప్పుపట్టిన రేకుల కప్పు, ముందు రెండు జకరాండా చెట్లు. నవంబర్ వచ్చిందంటే ఆ చెట్లు ఊదాపూలు రాల్చి మెట్లన్నీ కప్పేస్తాయి. పగలు చూస్తే నిలబడి ఫోటో తీసుకోవాలనిపిస్తుంది. రాత్రయితే...

రాత్రయితే లోపల ఎవరో బేస్ గిటార్ వాయిస్తారని చెప్పుకుంటారు.

పాట కాదు. గొంతు ఉండదు, డ్రమ్స్ ఉండవు. పాటకి అడుగున ఉండే మోత ఒక్కటే— పక్క వీధిలో పెళ్ళి జరుగుతుంటే మన ఇంటి గోడకి తగిలే మోతలాంటిది. దుమ్... దుదుమ్... దుమ్. వినిపించీ వినిపించనట్టు. తలుపు తీసి చూస్తే ఖాళీ హాలు. నున్నటి చెక్కనేల. అంతే.

గుంటూరు కుర్రాడు వెంకీ రెండేళ్ళ కిందట అక్కడ కాపలాకి వెళ్ళి, తెల్లారకముందే తాళాలు మెట్లమీద పెట్టేసి వచ్చాడు. కుర్చీకి తగిలించిన జాకెట్ తెచ్చుకోడానికి కూడా మళ్ళీ ఆ వీధిలోకి వెళ్ళలేదు.

హరిప్రియకి ఇవన్నీ తెలుసు. వెంకీ ఆమెకి పిన్ని వరస చుట్టం కొడుకు. "వద్దక్కా, ఆ హాలు పని ఒప్పుకోకు" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆమె నవ్వేసింది. ఆ నవ్వు ధైర్యంతో వచ్చింది కాదు. అప్పటికే ఆమెకి అంతకన్నా పెద్ద భయం ఒకటి ఉంది.

హరిప్రియది తెనాలి. మాస్టర్స్ చదవడానికి వచ్చి, యూనివర్సిటీ ఆడిటోరియంలో కేబుళ్ళు మోసే పార్ట్‌టైం పనిలో చేరింది. ఆ పనే పట్టుకుంది ఆమెని. చదువు ఐటీలో పూర్తయింది, బతుకు మాత్రం సౌండ్ మిక్సర్ ముందు స్థిరపడింది. గుళ్ళో ఉగాది ప్రోగ్రాముల నుంచి పబ్బుల్లో రాక్ బ్యాండ్ల దాకా, ఎవరి పాట ఎంత వినపడాలో సరిచేసే సౌండ్ ఇంజనీరు. ఇల్లు పియారా వాటర్స్‌లో. భర్త అభినవ్ ఒక గనుల కంపెనీలో ఐటీ.

ఈ చలికాలంలో, అంటే ఇక్కడ జూలైలో, ఒకరోజు పొద్దున నిద్ర లేచేసరికి ఆమె కుడి చెవిలో దూది కుక్కినట్టుంది. నీళ్ళు పోయాయనుకుంది. సాయంత్రానికి ఆ దూది కూడా లేదు— అసలు ఆ పక్క ప్రపంచమే లేదు. ఏదో వైరస్ నరాన్ని దెబ్బతీసిందన్నారు డాక్టర్లు. కొంత తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. చెవి మూగబోయిన చోట మెదడు ఊరుకోదట. తనే ఏదో ఒకటి వాయించుకుంటుందట. ఈల, జోరీగ రొద, ఒక్కోసారి పక్కగదిలో పాటలాగా కూడా. అలాంటిది మొదలైతే వెంటనే రమ్మన్నారు.

ఈ సంగతి అభినవ్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. సౌండ్ ఇంజనీరుకి ఒక చెవి పోయిందని తెలిస్తే ఇంక పిలిచేదెవరు? ఒక్క చెవితోనే నెట్టుకొస్తోంది. మాట ఎటునుంచి వస్తోందో తెలిసేది కాదు, ఎవరైనా పిలిస్తే నవ్వుతూ చుట్టూ తిరిగి చూసేది. జనం అదో అలవాటనుకున్నారు.

అలాంటి సమయంలో, నవంబర్‌లో, ఒక సౌండ్ కంపెనీ తరఫున వచ్చింది కరోనెట్ హాల్ పని.

ఊరి ఫంక్ సంగీతానికి పండగ చేస్తున్నారు. ఫంక్ అంటే ఏంటే అని తెనాలి నుంచి వాళ్ళమ్మ అడిగితే, "డప్పుల దరువు వింటే కాలు ఊరుకోదు కదమ్మా, అదే, కాకపోతే గిటార్ల మీద" అని చెప్పింది. డెబ్బైల్లో పెర్త్ దాకా పెద్ద బ్యాండ్లేవీ వచ్చేవి కావు. సిడ్నీ వరకు వచ్చినవాళ్ళు ఎడారి దాటి ఇంత దూరం ఎందుకొస్తారు? అందుకని ఇక్కడివాళ్ళే మొదలుపెట్టారు. పగలంతా రైల్వే వర్క్‌షాపుల్లో ఇనుము కొట్టి, సాయంత్రాలు రేకుల షెడ్లలో సాధన చేసి, శుక్రవారం వస్తే ఈ హాల్లో దుమ్ము లేపేవాళ్ళు. అందరికన్నా ముందు పుట్టిన బ్యాండ్ పేరు టిన్ షెడ్ సెవెన్. ఏడుగురు. వాళ్ళ తర్వాతే మిగతా బ్యాండ్లన్నీ.

హాలు గుమ్మంలో వాళ్ళ ఫోటో నిలువెత్తున పెట్టారు. బెల్‌బాటం ప్యాంట్లు, ఇంతింత జుట్లు, ఏడుగురు మగవాళ్ళు. చివర్లో బేస్ పట్టుకుని అందరికన్నా అందంగా నవ్వుతున్నవాడు కెన్. చనిపోయి చాలాకాలమైందట. మొత్తం ఏడుగురిలో ముగ్గురు మిగిలారు. వాళ్ళు ఈ పండక్కి మళ్ళీ కలిసి వాయిస్తారు.

పగలంతా హాల్లో రంగులు వేస్తున్నారు, నేల పాలిష్ చేస్తున్నారు. కాబట్టి వైర్లు లాగే పని హరిప్రియకి రాత్రిళ్ళే దొరికింది. ఒక్కతే.

మొదటి రాత్రి స్పీకర్లు తగిలించింది. మైకులు పెట్టింది. అన్నీ ఆపేసి, స్టేజీ మెట్లమీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర డబ్బా తెరిచింది.

దుమ్... దుదుమ్... దుమ్.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

మిక్సర్ వైపు చూసింది. ఒక్క లైటు కూడా వెలగడం లేదు. శబ్దాన్ని పెంచే యాంపులన్నీ చచ్చినట్టున్నాయి. మోత మాత్రం నడుస్తోంది... దగ్గర్లో, స్టేజీ మీదే ఎవరో ఉన్నట్టు. సగం దాకా వచ్చింది. టక్కున ఆగింది.

డబ్బా పక్కన పెట్టింది.

ఆగిన చోటు నుంచే మళ్ళీ మొదలైంది. ఈసారి దూరంగా. ఎక్కడో లోతుగా.

దగ్గరా దూరమా అన్నది ఆమె నమ్మలేదు. ఒక్క చెవివాళ్ళకి శబ్దం దిక్కు తెలియదు. అసలు శబ్దం ఉందా అన్నదే ఆమె భయం. డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది... మెదడు తనే వాయించుకుంటుంది. పక్కగదిలో పాటలాగా.

దెయ్యమైతే బాగుండు అనుకుంది. నిజంగానే అనుకుంది. దెయ్యమైతే హాల్లో ఉంటుంది. తాళం వేసి ఇంటికి పోవచ్చు. ఇది తన తలలో ఉంటే ఎక్కడికి పోతుంది?

మర్నాడు పండగ నడిపిస్తున్న క్రెయిగ్‌ని మాటల్లో పెట్టి అడిగింది, రాత్రిళ్ళు ఇక్కడేమైనా శబ్దాలొస్తాయా అని. క్రెయిగ్ పెద్దగా నవ్వి, పైకప్పులో పాసమ్‌లు కాపురం పెట్టాయన్నాడు. పిల్లి అంత జంతువులు రేకులమీద గంతులేస్తుంటే ఎవరికైనా దెయ్యమే అనిపిస్తుందన్నాడు. పాసమ్‌లు తాళం తప్పకుండా గంతులేస్తాయా అని అడగాలనుకుని ఊరుకుంది.

రెండో రాత్రి మళ్ళీ వచ్చింది.

అదే మోత. అదే సగం దగ్గర ఆగడం. మళ్ళీ అందుకోవడం. హరిప్రియ అభినవ్‌కి ఫోన్ చేసింది. ఏమీ చెప్పకుండా ఫోన్ పైకెత్తి పట్టుకుంది.

"ఏమైనా వినపడుతోందా?" అంది, గుసగుసగా.

"ఏం వినాలి?"

"బేస్. ఇప్పుడే... ఇదిగో, ఇప్పుడు."

అభినవ్ గొంతు చాలా మెత్తగా వచ్చింది.

"ప్రియా... నాకేం వినపట్లేదు. ఇంటికొచ్చెయ్. రేపు డాక్టర్ దగ్గరికి వెళ్దాం."

ఆ మెత్తదనానికే ఆమెకి ఏడుపొచ్చింది. ఎగతాళి చేసినా బాగుండేది. ఫోన్ పెట్టేసి స్టేజీ చెక్కలమీద కూలబడింది. ఇంక ఈ పని వదిలెయ్యాలి. రేపే చెప్పెయ్యాలి. ఇన్నేళ్ళు చెవుల మీద కట్టుకున్న బతుకు...

ఒళ్ళు తూలకుండా రెండు అరచేతులూ నేలకి ఆనించింది.

చెక్క కదులుతోంది.

సన్నగా, చీమ పాకినంత సన్నగా. దుమ్ అన్నప్పుడల్లా అరచేతిలోకి ఒక వణుకు ఎక్కుతోంది. చెవులు రెండూ గట్టిగా మూసుకుని, చెంప నేలకి ఆనించింది. దవడలోకి వచ్చింది. పళ్ళల్లోకి వచ్చింది.

తలలోది కాదు. చెవిలోది కాదు. నేలలో ఉంది!

ఫోన్లకి ఇంత లోతు మోత అందదని, మామూలుగా మాటల్నే పట్టుకుంటాయన్నది ఆమె వృత్తిలో మొదటి పాఠం. భయంలో అదే మరిచిపోయింది. నేలమీద పడుకునే నవ్వింది, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుండగా. చెవి మోసం చెయ్యలేదు. నిజంగానే ఎవరో వాయిస్తున్నారు.

నవ్వు సగంలో ఆగిపోయింది.

నిజంగానే... ఎవరో... వాయిస్తున్నారు.

ఆ రాత్రి ఆమె పారిపోయి ఉంటే ఈ కథ వెంకీ కథలాగే అయిపోయేది. పారిపోలేదు. చెప్పులు విడిచి, నేలమీద పాదాలు ఆనిస్తూ, వణుకు ఎటు ఎక్కువైతే అటు నడిచింది. తెర దాటింది. స్టేజీ వెనక పాత కుర్చీల గుట్ట దాటింది. వెనకగోడకి అరచెయ్యి పెట్టింది. ఇటుకలు పిల్లి గురకపెట్టినట్టు గురగురమంటున్నాయి.

గోడకి అవతల ఏముంది?

టార్చి పట్టుకుని పక్కసందులోంచి తిరిగి వెళ్ళింది. హాలు వెనకగోడనే తమ గోడగా చేసుకుని కట్టిన చిన్న చిన్న ఇళ్ళు, వరసగా. అన్నీ చీకటి. చివరి కిటికీలో మాత్రం పసుప్పచ్చ వెలుతురు.

తొంగి చూసింది.

తెల్లటి పొట్టి జుట్టు ముసలావిడ ఒకామె, నైట్ గౌను మీద ఉన్ని కార్డిగన్ వేసుకుని, మంచం అంచున కూర్చుని ఉంది. ఒళ్ళో బేస్ గిటార్. పైకి పొడుచుకొచ్చిన దాని చెక్క కొమ్ముకి గడ్డం ఆనించి, కళ్ళు మూసుకుని వాయిస్తోంది. యాంప్‌ని గోడకి నెట్టి పెట్టింది. ఆవిడ వినికిడి మిషన్లు రెండూ పక్కన సాసర్లో ఉన్నాయి.

హరిప్రియ కిటికీ తట్టింది. ఆవిడకి వినపడలేదు. టార్చి ఊపితే కళ్ళు తెరిచి, ఏమాత్రం బెదరకుండా మిషన్లు చెవులకి పెట్టుకుని, లేచి తలుపు తీసింది.

"నువ్వేనా, రాత్రిళ్ళు హాల్లో ఉండేది?" అని అడిగింది.

"నేనే" అంది హరిప్రియ.

అనుకున్నదే అన్నట్టు తలూపి, లోపలికి రమ్మంది. పేరు బెవ్ అట. మాటకి ముందొకసారి, చివరొకసారి 'లవ్' అంటుంది, మన పెద్దావిడలు 'అమ్మా' అన్నట్టే.

టీ తాగుతూ చెప్పింది తన సంగతి. పెద్దగా బాధపడుతూ కూడా కాదు, ఎవరి గురించో చెప్పినట్టు. టిన్ షెడ్ సెవెన్‌లో ఏడో మనిషి తనేనట. వర్క్‌షాపు క్యాంటీన్‌లో పనిచేసేదట. షెడ్‌లో సాధన వింటూ వింటూ బేస్ పట్టుకుంది. వాళ్ళ రికార్డులన్నిట్లో వినపడే బేస్ ఆవిడదే. ఈ హాల్లో జనం ఊగింది ఆవిడ వేళ్ళకే. తర్వాత టీవీ వాళ్ళు పిలిచారు. అంత పెద్ద గిటార్ ఆడపిల్ల భుజానికి బాగుండదని, వర్క్‌షాపులో అందగాడు కెన్‌ని ఆ చోట నిలబెట్టారు. పాట రికార్డుది, నిలబడ్డది కెన్. ఆ ప్రోగ్రాం దేశమంతా చూసింది. ఫోటోలు అక్కడే తీశారు. ఆ తర్వాత ఎవరడిగినా టిన్ షెడ్ సెవెన్ బేస్ అంటే కెనే.

"మీరు చెప్పలేదా ఎవరికీ?"

"చెప్పాను లవ్. ఫోటో చూపించేవాళ్ళు."

ఆ మాట విన్నాక హరిప్రియ ఎందుకో తన చెవి సంగతి చెప్పేసింది. ఇన్ని నెలల్లో బయటివాళ్ళకి చెప్పడం అదే మొదలు. బెవ్ జాలిపడలేదు. బేస్ తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి, కొమ్ముకి దవడ ఆనించమంది. ఒక తీగ మీటింది. ఆ స్వరం హరిప్రియ ఎముకల్లోంచి పాకి, చచ్చిపోయిందనుకున్న పక్కకి కూడా వెళ్ళింది. ఎన్నాళ్ళకో తల మొత్తం నిండినట్టయింది.

"నేను వినేది ఇలాగే" అంది బెవ్. "చెవులతో పనేముంది?"

ఆ రాత్రి ఇంటికి పోతూ హరిప్రియ ఒక నిర్ణయం తీసుకుంది. మర్నాడు క్రెయిగ్‌కి చెప్పింది. అతను చెడ్డవాడు కాదు, విన్నాడు. ఇబ్బందిగా మెడ రుద్దుకున్నాడు. కెన్ మనవలు ముందు వరసలో కూర్చుంటున్నారు, పుస్తకాలు అచ్చయ్యాయి, ఎవరో పక్కింటి ముసలావిడ చెప్పిందని చరిత్ర ఎలా మారుస్తామన్నాడు. బేస్ వాయించడానికి కుర్రాణ్ణి మాట్లాడేశాం కూడా అన్నాడు.

హరిప్రియ వాదించలేదు. సౌండ్ చెక్ రోజున ముగ్గురు ముసలివాళ్ళూ స్టేజీ ఎక్కారు. డ్రమ్మర్ కొలిన్‌కి నడుము వంగిపోయింది, కర్రలు పట్టుకుంటే మాత్రం నిటారుగా కూర్చున్నాడు. బేస్ కుర్రాడు ఇంకా రాలేదు. హరిప్రియ బెవ్‌ని వెనక తలుపులోంచి తెచ్చి, తెరచాటున కుర్చీ వేసి, వైరు ఇచ్చింది.

కొలిన్ మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు.

తెర వెనక నుంచి బేస్ అందుకుంది.

కొలిన్ చేతులు ఆగిపోయాయి. ముఖంలో రక్తం లేదు. తెరవైపు చూస్తూ, ఎవరినో నిద్రలేపడానికి భయపడుతున్నట్టు అన్నాడు.

"బెవ్...?"

ఆవిడ బయటికి రాలేదు. వాయిస్తూనే ఉంది. కొలిన్ ముఖం తుడుచుకుని మళ్ళీ కర్రలు ఎత్తాడు. మిగతా ఇద్దరూ వచ్చి కలిశారు. క్రెయిగ్ హాలు మధ్యలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు. పాట అయ్యాక కొలిన్ అతని దగ్గరికి వెళ్ళి, తామంతా నోరు మూసుకుని కూర్చున్న సంగతి తనే చెప్పాడు. అప్పుడు చెప్తే టీవీ ఛాన్స్ పోతుందనుకున్నారట. తర్వాత చెప్తే పరువు పోతుందనుకున్నారట. తర్వాత అడిగేవాళ్ళే లేకపోయారు.

పండగ రోజు హాలు నిండింది. నడివయసు వాళ్ళు, వాళ్ళ పిల్లలు, ఊతకర్రలతో వచ్చిన పాత డాన్సర్లు. మైకులో క్రెయిగ్ బెవ్ పేరు చెప్పి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పాడు. కెన్ మనవరాలు ఒకమ్మాయి లేచి, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

పాట మొదలయ్యేముందు హరిప్రియ క్రెయిగ్‌ని పక్కకి పిలిచింది. తన కుడి చెవి పనిచెయ్యదని చెప్పింది. నువ్వు నా కుడిపక్క నిలబడి, ట్రంపెట్లు ఎక్కువైతే చెప్పు అంది. కంపెనీకి తెలిస్తే తెలియనీ అనుకుంది. అతను ఒక క్షణం చూశాడు. వచ్చి కుడిపక్క నిలబడ్డాడు.

ఆ రాత్రి కరోనెట్ హాల్ ఎలా ఊగిందో అక్కడున్నవాళ్ళని అడగాలి. ఊతకర్రలు గోడకి చేరాయి. బెవ్ కుర్చీలో కూర్చునే వాయించింది, గడ్డం బేస్‌కి ఆనించి. అభినవ్ కూడా వచ్చాడు. ఎప్పుడూ కాలు కదపని మనిషి, వెనక వరసలో తల ఊపుతూ కనిపించాడు.

జనం వెళ్ళిపోయారు. అభినవ్ స్పీకర్లతో పాటు కంపెనీ వ్యాను తోలుకుని ముందు బయల్దేరాడు. హరిప్రియ లైట్లు ఆర్పి, మెయిన్ దింపి, తలుపులకి తాళం వేసి, బెవ్ యాంప్‌ని తోపుడుబండి మీద పెట్టుకుని సందులోంచి ఆవిడ ఇంటికి తెచ్చింది.

బెవ్ కెటిల్ పెట్టింది. బేస్‌ని కేసులోంచి తీసి గోడకి ఆనించింది. సోలిపోయి ఉంది, కానీ కళ్ళు చిన్నపిల్లవి లాగా ఉన్నాయి.

"రేపట్నించి నువ్వు రావు కదా" అంది.

పని అయిపోయింది కాబట్టి రానని, చూడ్డానికి మాత్రం వస్తుంటానని హరిప్రియ చెప్పింది.

"వెలితిగా ఉంటుంది లవ్. నువ్వు ముందు సగం వాయించి ఆగడం, మిగతా సగం నేను అందుకోవడం... అలవాటైపోయింది."

సరిగ్గా వినలేదేమో అనుకుని హరిప్రియ మంచి చెవిని ఆవిడవైపు తిప్పింది.

బెవ్ చెప్పుకుపోతోంది. చలికాలంలో ఈ ఇంటికి మారిన కొత్తలోనే గోడలోంచి మోత తగిలిందట. తన పాటే. ఎవరో నేర్చుకుంటున్నట్టు, తడుముకుంటూ, సగం దాకా వచ్చి ప్రతిసారీ ఒకే చోట ఆగిపోయేదట. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ బేస్ ముట్టుకోలేదు. ఆ ఆగడం భరించలేకనే మంచం కింద నుంచి తీసి, మిగతా సగం తను వాయించిందట. ఆ హాల్లో ఉన్నది ఎవరో వెళ్ళి చూడాలనుకుంటూనే ఉంది. ఈలోగా హరిప్రియే వచ్చి కిటికీ తట్టింది.

చలికాలంలో హరిప్రియ ఈ వీధి ముఖం కూడా చూడలేదు.

"సరిగ్గా కెన్ ఆగిన చోటే ఆగుతావు నువ్వు" అని బెవ్ నవ్వింది. "టీవీలో వేళ్ళు నిజంగా ఆడాలని వాడికి సగమే నేర్పించారు నాతో. మిగతా సగంలో కెమెరా పాడేవాడి మీద ఉంటుంది, అక్కర్లేదన్నారు. తర్వాత ఈ హాలు తాళాలు వాడి దగ్గరే ఉండేవి. రాత్రిళ్ళు ఒక్కడే వచ్చి సాధన చేసేవాడట. మిగతాది పట్టుబడకుండానే పోయాడు పాపం."

హరిప్రియ జీవితంలో ఎప్పుడూ బేస్ వాయించలేదు. ఆవిడ ఒళ్ళో పెట్టిన రోజు తప్ప పట్టుకోనైనా లేదు.

చెప్పాలనుకుంది. ఆవిడ ముఖం చూసింది. ఈ ఒంటరి గదిలో, ఇన్నేళ్ళ తర్వాత వచ్చిన ఈ ఒక్క రాత్రి... ఆ మాట నోట్లోనే ఆగింది.

"అవును, నేనే" అంది. "నాకు అంతవరకే వచ్చు."

బెవ్ ఆమె చెయ్యి తట్టి, టీ కప్పు అందించింది. కెటిల్ పొంగు సద్దుమణిగింది. గదిలో నిశ్శబ్దం.

గోడకి ఆనించిన బేస్ మీద లావు తీగ ముందు కదిలింది. ఎవరూ ముట్టుకోకుండానే... సన్నగా వణికింది.

తర్వాత గోడలోంచి వచ్చింది.

దుమ్... దుదుమ్... దుమ్.

తడుముకుంటూ. ఒక్కో స్వరమే వెతుక్కుంటూ. సగం దాకా వచ్చింది. ఆగింది.

బెవ్ గోడవైపు చూసింది. మెల్లగా తల తిప్పి, ఎదురుగా కూర్చుని టీ కప్పు పట్టుకున్న హరిప్రియ రెండు చేతులవైపు చూసింది.

గోడ అవతల చప్పుడు లేదు. కానీ ఖాళీగా లేదు... ఎవరో వేళ్ళు తీగలమీద ఉంచుకుని ఎదురుచూస్తున్నట్టుంది.

చాలాసేపటికి బెవ్ చెయ్యి చాచి బేస్‌ని ఒళ్ళోకి తీసుకుంది. కొమ్ముకి గడ్డం ఆనించింది. వేళ్ళు తీగలమీద పెట్టింది.

"ఈసారి మెల్లగా వాయిస్తాను కెన్" అంది. "పట్టుకో."